పైవరస కుందేళ్లు

డాక్టరమ్మ చేతి కింద ఇప్పుడు పదిమంది పనిచేస్తున్నారు. అయినా కాస్త తీరిక దొరికితే చాలు, ఆమె మనసు ఆ పాత కుందేళ్ల గదికి పరుగెడుతుంది. ఎంత చలి గదో, అంత హాయి రోజులు!

సిఫిలిస్ అనే సుఖవ్యాధిని తెచ్చే సూక్ష్మజీవిలోని ఒక ప్రొటీన్ టీకాగా పనికొస్తుందేమో తేల్చడం అప్పట్లో ఆమె పని. ఆరు కుందేళ్లకు ప్రొటీన్ ఎక్కించింది, పోల్చి చూడ్డానికి ఇంకో ఆరింటికి ఉత్త ఉప్పునీళ్లు. తరువాత అన్నింటి వీపులూ గొరిగి, చర్మంలోకి సూక్ష్మజీవిని ఎక్కించి, పుండు పడుతుందేమోనని రోజూ చూసుకునేది. కుందేళ్ల ఆలనాపాలనా బాబాయ్‌ది. సొంత బాబాయేం కాదు, అక్కడ అందరికీ బాబాయే. కుందేలు మేత ముట్టకపోతే తనకూ ముద్ద దిగేది కాదు.

నెల తిరిగేసరికి ఉప్పునీళ్ల కుందేళ్లకు పుండ్లు పడ్డాయి. ప్రొటీన్ కుందేళ్ల వీపులు నున్నగా ఉన్నాయి. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

"గెలిచాం బాబాయ్! ఆ పురుగుకి వేడి పడదని గదిని ఇంత చల్లగా ఉంచాం. అయినా టీకా ముందు దాని ఆటలు సాగలేదు!"

బాబాయ్ భయంగా పైవరస పంజరాల వైపు చూశాడు.

"కాస్త ఆగమ్మాయ్. ఈ పైవరసకి చలిగాలి నేరుగా కొడుతుంది. బొచ్చు కూడా లేదాయె, గజగజ వణుకుతుంటే చూడలేకపోయాను. రోజూ నువ్వెళ్లాక ఉన్నిగుడ్డలు చుట్టి, పొద్దున్న నువ్వొచ్చేలోపు విప్పేస్తున్నా."

పైవరసంతా ప్రొటీన్ కుందేళ్లే. అలా సర్దింది ఆమే. చలి ఎందుకో బాబాయ్‌కి ముందే చెప్పనిదీ ఆమే. పురుగును ఆపింది టీకానో, ఉన్నిగుడ్డల వెచ్చదనమో ఇక తేలదు. ఫలితాన్ని నోటుపుస్తకంలో అడ్డంగా కొట్టేసి, తప్పు తనదేనని డైరెక్టరు దగ్గర చివాట్లు తింది. కొత్త కుందేళ్లతో మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి రెండు వరసల్లోనూ కలగలిపి, ఉన్నిగుడ్డలు లేకుండా.

పన్నెండింటికీ పుండ్లు పడ్డాయి.

బాబాయ్ పంజరాల మధ్య కూలబడ్డాడు. "నా నోరు పడిపోను! ఊరుకునుంటే నీ టీకా గెలిచుండేది కదమ్మా."

ఆమెకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. "నువ్వు ఊరుకునుంటే దాన్ని నమ్మి మనుషులకి పొడిచేవాళ్లం బాబాయ్. అప్పుడు పుండ్లు వాళ్లకి పడేవి."

బాబాయ్ మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"అయితే ఇంకో ప్రొటీన్ ఏదన్నా ఉందా?"

ఉంది. ఇప్పుడామె పదకొండోదాన్ని పరీక్షిస్తోంది. ఏదైనా ఓడిపోయిన రోజున ఆ మాట అడగడానికి బాబాయే లేడు.