జెంగ్‌జౌ వార్త

అత్తగారు పిండి ఒత్తి ఇస్తుంటే నేను మాంసం పెట్టి జియావోజీలు మడుస్తున్నాను. మా ఆయన బోలిన్ వంటింటి గుమ్మంలో నిలబడి, పాలు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు:

"నిన్న విందులో మీ బ్యూరో చీఫ్ కో గారు కలిశారు. నీకు సంస్కృతి పేజీ ఇస్తే హాయిగా ఉంటుందని చెప్పాను."

"నేను చెప్పమన్నానా?"

"నీ అలసట చూడలేకే చెప్పాను."

"మంచి పనే చేశాడు," అంది అత్తగారు. "టీ గురించీ నాటకాల గురించీ రాసుకోమ్మా. ఆ దివాలా కంపెనీల వెంట ఊళ్లు పట్టుకు తిరగడమెందుకు? పాప కళ్లముందుంటుంది."

సింగపూర్ పత్రికకు విలేఖరిగా బీజింగ్ వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడ్డదాన్ని. పార్టీ మహాసభల బయట మంచులో నిలబడ్డాను. విందుల్లో అధికారులు "అందగత్తె విలేఖరి" అంటూ నా గ్లాసు నింపుతుంటే, ఒక్క గుక్క తాగకుండా వాళ్లచేత మాట్లాడించాను. ఇంటికొచ్చి పాప యూనిఫాం ఉతికాను, హోంవర్కు చూశాను. బోలిన్ ఆలస్యంగా వస్తే కష్టపడుతున్నాడంటారు, నేనొస్తే ఇల్లు పట్టదంటారు. అలసట నిజమే. దాన్ని తగ్గించాలనుకున్న మనిషికి ఇంట్లో చీపురు కనపడలేదు, నా ఉద్యోగం కనపడింది.

మర్నాడు ఆఫీసులో కో ఆప్యాయంగానే చెప్పారు. "జెంగ్‌జౌ వార్త కొత్తగా వచ్చిన అబ్బాయికి ఇచ్చాను, రుయోలాన్. మీ ఆయన అంతా చెప్పారులే. మొహమాటపడకు."

జెంగ్‌జౌ నగరంలో దివాలా కంపెనీలు సగం కట్టి వదిలేసిన ఫ్లాట్లలో, కరెంటు లేకుండా కాపురాలు చేస్తున్న వాళ్ల వార్త అది. పోలీసులకు భయపడి నోరు విప్పని ఆ ఆడవాళ్లు, నెలల తరబడి తిరిగితే ఇప్పుడిప్పుడే నాతో మాట్లాడుతున్నారు.

"ఎవరి గురించి రాసినా ఆ మనిషిని అడక్కుండా అచ్చు వేయకూడదని నేర్పింది మీరే," అన్నాను. "నా సంగతి తేల్చేముందు నన్నడిగారా?"

కో టీ గ్లాసు మూత తీసి, తాగకుండానే మళ్లీ పెట్టారు.

"అడగలేదు," అన్నారు చివరికి. "ఇప్పుడడుగుతున్నాను. ఏం కావాలి?"

"జెంగ్‌జౌ. ఇవాళే వెళ్తాను."

రైల్వే స్టేషన్ నుంచి బోలిన్‌కు ఫోన్ చేశాను.

"ఇంత హఠాత్తుగానా? మరి పాపను స్కూలు నుంచి ఎవరు తెస్తారు?"

"మా ఆఫీసువాళ్లతో నా తరఫున మాట్లాడావుగా బోలిన్. స్కూలుకు నీ తరఫునే వెళ్లు."