స్టీరింగులో సెల్లు

తలుపు తీయకముందే లారీ హారన్ వినిపించింది. అంటే అత్తగారు బండెక్కేశారన్నమాట. డ్రైవరమ్మ గుమ్మం బయట చెప్పులు విడుస్తూ గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడిపోయింది. పొద్దుటి నుంచి సిటీ బస్సు తోలి తోలి ఆమె ఒళ్ళు హూనమైంది. చెవుల్లో ఇంజను మోత ఇంకా తగ్గనేలేదు. లోపలికి అడుగుపెడితే ఇంకో ఇంజను.

అత్తగారికి చిన్నప్పటి నుంచీ బండి నడపాలని ఉండేది. మామగారు బతికున్నన్నాళ్ళూ స్కూటరు తాళం కూడా ముట్టుకోనివ్వలేదు. ఆయన పోయాక, పొద్దుపోక గోడలు చూస్తూ కూర్చుంటున్న తల్లి ముందు కొడుకు తన పాత వీడియోగేము పెట్టె తెచ్చి పెట్టాడు. అందులో ఒక లారీ ఆట ఉంది. అంతే, ఆవిడ మళ్ళీ ఆ సోఫా దిగలేదు. సరుకు ఎత్తుకోవడం, కొండలు దాటడం, ఎదురొచ్చిన ప్రతివాణ్నీ తిట్టిపోయడం. ఇంట్లో అసలు డ్రైవరు ఎవరో తెలియనంతగా ముదిరింది వ్యవహారం.

ఆట నడిపే కంట్రోలరుకి వైరు లేదు. వెనక మూత తీస్తే రెండు పెన్సిల్ సెల్లు పడతాయి. కంట్రోలరు అనే మాట అత్తగారి నోటికి ఎక్కలేదు. ఆవిడకి అది స్టీరింగు. వచ్చిన చిక్కల్లా ఆ మూతతోనే. బొటనవేలితో గట్టిగా నొక్కి జరపాలి. ఆవిడకి కీళ్ళవాతం. మిగతా వేళ్ళతో మీటలు ఎలాగోలా నొక్కుతారు గానీ బొటనవేళ్ళు మాత్రం వంగవు.

"వచ్చావా అమ్మాయ్! స్టీరింగులో సెల్లు అయిపోయాయే."

డ్రైవరమ్మకి ఈ లోకంలో ఒక్కటే కోరిక మిగిలింది. గుమ్మం దాటి పొయ్యి దగ్గరికి చేరేలోగా తనని ఎవరూ పిలవకూడదు. విశ్రాంతి కూడా అడగడం లేదు. "కూర్చుంటే ఇంక లేవలేనత్తయ్యా" అన్నది ఆమె రోజూ అనే మాట. వచ్చిన ఊపులోనే వంట చేసి, గిన్నెలు తోమి, ప్రెస్సు నుంచి మొగుడు వచ్చేసరికి అన్నీ సర్దేసి ఒకేసారి నడుం వాల్చాలి. మధ్యలో ఆగిందా, ఆ రోజుకి బండి మళ్ళీ స్టార్టవ్వదు.

"ఇప్పుడేనా? నిన్ననే కదా మార్చాను!"

"అది నిన్న. ఇవాళ ఎంత ఘాటు రోడ్డు ఎక్కానో తెలుసా నీకు?"

చేసేదేముంది, సోఫాలో కూలబడి మూత జరిపేది. పాత సెల్లు తీసి, కొత్తవి పెట్టి, టీవీ దాన్ని పోల్చుకునేదాకా మీట నొక్కి పట్టుకునేది. అంతటితో వదిలితేనా! "ఉండవే, మళ్ళీ ఆగిపోతుందేమో, ఆ మలుపు దాటనీ" అనేవారు అత్తగారు. "ఆ ఎడమ కాలు తీసి స్టూలు మీద పెట్టు. నా కాళ్ళకి అడ్డం" అనేవారు. "ఇవాళ ఎక్కడ ఇరుక్కుపోయావు? ఎవడితో గొడవపడ్డావు?" అని ఆరా తీసేవారు. మలుపు ఎంతకీ వచ్చేది కాదు. డ్రైవరమ్మ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని, లారీ మలుపు తిరగ్గానే వంటింట్లోకి పరుగెత్తేది. తీసిన సెల్లు చెత్తలో వేయకూడదంటారు కదా, అందుకని పాత బిస్కెట్ల డబ్బాలో పడేసేది. డబ్బా నిండుతూ వచ్చింది.

ఆ ఎడమ కాలు గురించి ఒక మాట చెప్పాలి. పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగమేగా అంటారు జనం. డ్రైవరు సీట్లో కూర్చోవడం కూర్చోవడమా? క్లచ్చు తొక్కి తొక్కి సాయంత్రానికి ఆమె చీలమండ గుమ్మడికాయయ్యేది. "రోజూ కాసేపు కాలు ఎత్తి పెట్టుకోమ్మా, లేకపోతే నీకు బస్సు ఇవ్వొద్దని రాయాల్సొస్తుంది" అన్నాడు డిపో డాక్టరు. బస్సు లేకపోతే ఆఫీసులో ఫైళ్ళు మోయాలి. ఆ ఊహే ఆమెకి ఊపిరాడనివ్వదు. ఎంత అలిసినా, ఎంత తిట్టుకున్నా, పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద బస్సు తీసేటప్పుడు ఆమె మనిషే వేరు. కానీ డాక్టరు మాట ఇంట్లో నవ్వుతూ చెప్పి, చెబుతూనే గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా ఒకనాడు పరువు పోయే పని జరిగింది. బస్సు నిండా జనం. డిపో ముందుకు రాగానే సూపర్వైజరు చేతులు ఊపుకుంటూ రోడ్డు మీదికే ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"దించు! అందర్నీ దించెయ్! స్టీరింగు పనిచెయ్యట్లేదట!"

జనం లబలబలాడుతూ దిగారు. మెకానిక్కు బస్సు కింద దూరాడు. డ్రైవరమ్మ స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూసింది. వెన్నలా తిరుగుతోంది.

"ఎవరు చెప్పారు సార్?"

"మీ ఇంటి నుంచే ఫోను! పెద్దావిడ. స్టీరింగు ఆగిపోయింది, డ్రైవరమ్మకి అర్జెంటుగా చెప్పండి అని!"

ఆమెకి తల కొట్టేసినట్టయింది. "అది... మా అత్తగారి స్టీరింగు సార్. ఇంట్లోది. ఆటది." బస్సు కింద నుంచి మెకానిక్కు నవ్వు ముందు వినిపించింది, తర్వాత డిపో మొత్తం అందుకుంది.

ఇంటికొచ్చాక ఆమె కోపం ఆపుకోలేదు. "డ్యూటీలో ఉండగా డిపోకి ఫోన్ చేస్తారా అత్తయ్యా? మనుషుల్ని నడిరోడ్డు మీద దించేశారు!"

"వచ్చేటప్పుడు కొత్త సెల్లు తెస్తావని చేశానే. నీ ఫోను ఎత్తవు కదా" అన్నారు అత్తగారు, చిన్నబోయి.

సెలవు రోజు రాగానే ఆమె నేరుగా షాపుకి వెళ్ళింది. షాపతను నున్నటి నల్ల కంట్రోలరు తీసి చూపించాడు. "ఇందులో బ్యాటరీ లోపలే ఉంటుందండీ. మూత లేదు, సెల్లు లేవు. ఈ వైరు గుచ్చితే చార్జింగు ఎక్కుతుంది."

"ఇంక ఎవర్నీ పిలవక్కర్లేదా?"

"ఎవర్ని పిలవాలండీ?" అన్నాడతను, అర్థంకాక. ఆమె ఇంకేం అడక్కుండా ప్యాక్ చేయమంది.

అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మూతేదే?"

"లేదు."

"లోపలున్నది పాడైతే?"

"దాన్ని తియ్యలేం. మొత్తం పారేసి ఇంకోటి కొనుక్కోవడమే."

"ఓహో" అన్నారు అత్తగారు. దాన్ని పక్కన పెట్టేశారు.

ఆ సాయంత్రం నుంచి పిలుపు లేదు. డ్రైవరమ్మ చెప్పులు విడిచి, హాలు దాటి, నేరుగా పొయ్యి దగ్గరికి. కోరుకున్నది దొరికింది, సంతోషించాలి. సంతోషం మాత్రం రాలేదు. ఒంటి మీద బరువు ఏదో అదనంగా ఎక్కినట్టు ఉండేది. వంటగట్టుకి ఒరిగి కళ్ళు మూసుకుని, మాడిన వాసనకి ఉలిక్కిపడి లేచిన రోజులున్నాయి. అత్తగారు కూడా లారీ తీయడం తగ్గించారు. కొత్త కంట్రోలరు వైరుకి వేలాడుతూ, పచ్చ లైటు వెలిగించుకుని నిక్షేపంగా ఉండేది. ఎడమ కాలికి చెప్పు పట్టడం మానేసింది. "ఈసారి ఇలాగే వస్తే రాసేస్తానమ్మా, నన్ననుకోవద్దు" అన్నాడు డాక్టరు.

ఆ రోజు ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేసరికి వంటింటి గడియారం ఆగిపోయి ఉంది. కొత్త సెల్లు ఇంట్లో లేవు. ఏమీ తోచక బిస్కెట్ల డబ్బా తీసి, చచ్చిన సెల్లల్లో ఒకటి గడియారంలో వేసింది. ముల్లు టక్కుమని కదిలింది.

పర్వాలేదే, కొనఊపిరితో ఉన్నట్టుంది అనుకుంది. అనుమానం మాత్రం పోలేదు. ఇంకో రెండు తీసి టార్చిలైట్లో వేసింది. కళ్ళు జిగేల్మన్నాయి. ఆ రెండూ తీసి వేరే జత వేసింది. అదే వెలుగు. డబ్బా నిండా ప్రాణమున్న సెల్లే.

పొయ్యి కట్టేసి, డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"అత్తయ్యా, ఇవి బాగానే ఉన్నాయి."

"ఉంటాయి" అన్నారు అత్తగారు, తల తిప్పకుండా.

"రోజూ అయిపోయాయనేవారుగా?"

"అనేదాన్ని."

"ఎందుకు?"

అత్తగారు ఇటు తిరిగారు. "కూర్చోవే అంటే కూర్చుంటావా నువ్వు? కూర్చుంటే లేవలేనంటావు. కాలు ఎత్తి పెట్టుకోమన్నాడని డాక్టరు మాట నవ్వుతూ చెప్పి గిన్నెల దగ్గరికి పోయావు. నీ బదులు ఆ గిన్నెలు తోముదామా అంటే నాకు వేళ్ళు లేవాయె. సెల్లు మార్చమంటే మాత్రం విసుక్కుంటూ అయినా కూర్చునేదానివి. అందుకే మలుపు రానిచ్చేదాన్ని కాదు. బండిని అక్కడక్కడే తిప్పేదాన్ని."

"మరి డిపోకి ఫోను..."

"కొత్త సెల్లు అయిపోయాయే. అవి లేకపోతే ఆ సాయంత్రం నిన్ను ఎలా కూర్చోబెట్టను? నా స్టీరింగు అని చెప్పడం మర్చిపోయాను, అంతే."

డ్రైవరమ్మకి నవ్వొచ్చింది, నవ్వుతోనే కళ్ళ నీళ్ళూ వచ్చాయి. తన అలసటని ఇంట్లో ఒక మనిషి ఇన్నాళ్ళుగా కాపలా కాస్తోందని, ఆ మనిషి మీదే తను పళ్ళు నూరిందని తెలిసి సిగ్గేసింది. రోజంతా ఊరి జనాన్నంతా కూర్చోబెట్టి తిప్పే తనని కూర్చోబెట్టడానికి ఒక ముసలావిడ ఎన్ని పాట్లు పడింది!

ఆమె టీవీ బల్ల సొరుగులోంచి పాత కంట్రోలరు తీసింది. సోఫాలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే స్టూలు దగ్గరికి లాక్కుని ఎడమ కాలు దాని మీద పెట్టింది. మూత జరిపి, డబ్బాలోంచి రెండు సెల్లు తీసి వేసింది. మళ్ళీ తీసింది. మళ్ళీ అవే వేసింది.

"ఎందుకోనత్తయ్యా, ఇవాళ మూత బాగా బిగుసుకుపోయింది" అంది.

"నిదానంగానే చూడవే" అన్నారు అత్తగారు. "నా లోడేం కుళ్ళిపోదు."