చెల్లి ఇంటికి తాళం

దుర్గారావుకి కబుర్లు ఎవరు మోస్తున్నారో రూపాదేవికి అంతు చిక్కలేదు.

చెల్లెలు చిన్నారి, మొగుడు దుర్గారావు ఇంట్లోంచి బయటపడి ఆరు రోజులైంది. మణికట్టు విరగ్గొట్టి, ఈసారి ఊపిరే మిగల్చనన్నాడు ఆ మహానుభావుడు. అన్నంత పనీ చేసే మనిషని చోడవరంలో తెలియనివాళ్లు లేరు, అయినా ఎదురుపడితే నవ్వుతూ నమస్కారం పెట్టని వాళ్లూ లేరు. రూపాదేవి చెల్లెల్ని ముందు వడ్డాదిలో స్నేహితురాలింట్లో దాచింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా దుర్గారావు స్కూటరు ఆ గుమ్మం ముందు ఆగింది. చిన్నారి పెరటి గోడ దూకి చెరకుతోటలో పడి తప్పించుకుంది. తర్వాత కె.కోటపాడులో ఉంచితే అక్కడికీ రెండో రోజే వచ్చాడు. ఆ గంటలో ఆ పిల్ల చేతికట్టు మార్పించుకోవడానికి వెళ్లింది కాబట్టి బతికిపోయింది.

ఇప్పుడు దేవరాపల్లిలో మేనత్త అచ్చియ్యమ్మ దగ్గరుంది. ఆదివారం అన్నయ్య సత్యారావు పనిచేసే ఓడ విశాఖపట్నం రేవుకొస్తుంది. అతను దిగి చెల్లెల్ని తన దగ్గరికి తీసుకుపోతాడు. అందాకా, ఇంకా నాలుగు రోజులు, ఆమెను ప్రాణాలతో దాచాలి.

ఎక్కడుందో తెలిసినవాళ్లు ఇద్దరే. దాచినవాళ్లు, రూపాదేవి. దాచినవాళ్లు ప్రతిసారీ మారుతున్నారు. మారనిది తన ఇల్లొక్కటే, తన ఇంట్లో తను కాక ఉన్న మనిషి మొగుడు గౌరీశంకర్ ఒక్కడే. చక్కెర మిల్లులో డ్యూటీ దిగాక తోడల్లుడు దుర్గారావుతో కలిసి టీ తాగనిదే అతనికి పొద్దుపోదు. పైగా మొదటి రోజే, "అదెక్కడుందో నాకు సెప్పకు," అన్నాడు. అడక్కుండానే అలా అనాల్సిన అవసరం ఏమొచ్చిందని రూపాదేవి మనసు తొలిచేసింది. తలుపు చాటున నిలబడి వింటున్నాడేమో, నిద్ర నటిస్తున్నాడేమో. పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషికి కంచంలో అన్నం పెడుతూ మొహంలోకి చూడలేకపోయింది. అతను ఏమైందని అడిగితే మజ్జిగ తెచ్చే వంకతో వంటింట్లోకి తప్పుకుంది.

బుధవారం పొద్దున్న అతను మిల్లుకి వెళ్లాక, వీధి తలుపు గడియ పెట్టి, కార్డ్‌లెస్ ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. దేవరాపల్లిలో అచ్చియ్యమ్మ పక్కింటి ఎరువుల షాపుకి ఫోను చేసి, ముసలామెను పిలిపించింది.

"ఎవులూ?"

"నేనత్తా, రూపని."

"నువ్వా అమ్మా. ఇదిగో, ఈ గుంట ఏటి సేసిందో సూడు..."

సరిగ్గా అప్పుడు రిసీవర్లో బరబరమని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు మధ్యలోంచి ఒక కేక.

"ఒసే చిన్నారీ!"

రూపాదేవి పై ప్రాణాలు పైనే పోయాయి. అది మనిషి గొంతు కాదు. చిన్నారి పెంచుకున్న రామచిలక. పొద్దస్తమానం దుర్గారావు అరిచే అరుపు విని విని, అదే పలుకు, అదే కరుకుతో నేర్చుకుంది. ఆ చిలక పంజరం దుర్గారావు ఇంట్లో, నడిమి గదిలో, ఫోను బల్ల పక్కనే ఉంటుంది. దేవరాపల్లిలో కాదు.

ఒక్క లిప్తలో అంతా అర్థమైంది. రెండేళ్ల కిందట సత్యారావు సింగపూరు నుంచి కార్డ్‌లెస్ ఫోన్లు రెండు తెచ్చాడు. ఒక చెల్లెలికిచ్చి ఇంకో చెల్లెలికి ఇవ్వకపోతే ఏడుస్తుందని ఒకే రకం, ఒకే రంగు, అక్షరం తేడా లేకుండా కొన్నాడు. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి, లోపల మీటలు మార్చుకోండి, లేపోతే ఒకళ్ల మాటలు ఒకళ్లకి ఇనపడతాయి," అని చెప్పాడు కూడా. "సెల్లి ఇంటికి తాళం ఏస్తానేటన్నయ్యా?" అని నవ్వింది తనే. చిన్నారి కూడా మురిసిపోయింది. మధ్యలో నాలుగిళ్లే. ఒకళ్ల ఫోను మోగితే రెండో ఇంట్లోదీ కిచకిచమనేది, అక్కచెల్లెళ్లిద్దరూ దానికీ నవ్వుకునేవారు. చిన్నారి బయటికొచ్చేశాక ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం ఈ ఆరు రోజులూ తట్టలేదు.

దుర్గారావు వింటున్నాడు. ఈ క్షణం, చెవికి ఆనించుకుని వింటున్నాడు. ముసలామె ఇంకొక్క మాటంటే చెల్లెలు దొరికిపోతుంది. దేవరాపల్లి ఎంత దూరం గనక?

"ఏ గుంటత్తా? నీ మనవరాలా?" అంది రూపాదేవి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మా సిన్నారి సంగతి సెబుదామనే సేసేను. నీ దగ్గరికి వస్తదేమో అనుకున్నావు కావాల. రాదులే. పొద్దున్నే నర్సీపట్నం బస్సు ఎక్కించేసేను."

అచ్చియ్యమ్మకి డెబ్భై దాటాయి, చెవి కొంచెం మందం, కడుపులో మాట దాచుకోవడం చేతకాని మనిషి. "అదేటే, ఇక్కడే కూకుని బువ్వ తింటంది కదా," అనేస్తుందేమో. రూపాదేవి గట్టుకి ఆనుకుని కళ్లు మూసుకుంది. మొర వినే ప్రతి దేవుణ్నీ, వినని ప్రతి దేవుణ్నీ తలుచుకుంది.

"ఓలమ్మ, మంచి పని సేసేవు," అంది చివరికి అచ్చియ్యమ్మ, నెమ్మదిగా. "అది నా గుమ్మం తొక్కి ఏడాదైంది. నర్సీపట్నంలో ఎవులున్నారే?"

"తెలిసినోళ్లున్నార్లే," అని ఫోను కట్టేసింది.

మెట్లెక్కి డాబా మీదికి పరిగెత్తింది. పిట్టగోడ చాటున వంగి చూస్తే, నాలుగిళ్ల అవతల దుర్గారావు స్కూటరు బయటికి తోస్తున్నాడు. చేతిలో ఏదో గుడ్డలో చుట్టి ఉంది, పిడి మాత్రం బయటికి కనిపిస్తోంది. దాన్ని ముందు పెట్టెలో పడేసి మూత వేశాడు. స్కూటరు సెంటరు దాకా వెళ్లి ఆగింది. దేవరాపల్లి దారికి తిరిగితే ఇంకేం చెయ్యాలో ఆమెకు తెలియదు. లారీ ఒకటి అడ్డొచ్చింది. లారీ వెళ్లాక చూస్తే స్కూటరు వడ్డాది వైపు, నర్సీపట్నం రోడ్డు పట్టుకుని పోతోంది.

రూపాదేవి అక్కడే డాబా మీద చతికిలబడింది. భయం తగ్గలేదు. అక్కడ చిన్నారి దొరక్కపోతే సాయంత్రానికి తిరిగొస్తాడు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి గౌరీశంకర్ రాగానే మొత్తం చెప్పేసింది, అతన్ని అనుమానించిన సంగతితో సహా. "వాడు ఎదురుగా కూకుని అడిగితే నా మొహం అబద్ధం ఆడలేదు రూపా. అందుకే సెప్పొద్దన్నాను," అన్నాడు. ఆమెకి సిగ్గుతో తల దించుకోవాలనిపించింది.

అతనే స్క్రూడ్రైవరు తెచ్చాడు. చేతిలో పట్టుకు తిరిగేదానికి బ్యాటరీ మూత తీస్తే, లోపల నువ్వుగింజలంతేసి మీటలు ఎనిమిది, అన్నీ కిందికే ఉన్నాయి. గోడ దగ్గర పెట్టె అడుగున కూడా అలాంటివే ఎనిమిది, అన్నీ కిందికే. రెండిట్లోనూ ఒకేలా మారిస్తేనే ఒకదానికొకటి పలుకుతాయి.

"పైకేవో కిందకేవో నువ్వే పెట్టు. నాకు సెప్పకు," అని అతను వీధి గదిలోకి వెళ్లిపోయాడు.

పిన్నీసు మొనతో ఒక్కొక్క మీటనీ జరిపింది రూపాదేవి. పుట్టినరోజులూ పెళ్లిరోజులూ ఏవీ ఆ మీటల్లోకి రానివ్వలేదు, అవన్నీ దుర్గారావుకి తెలుసు. తప్పు జరిపానేమోనని మూడుసార్లు సరిచూసింది. తరవాత ఫోను చెవిన పెట్టుకుని, బరబర చప్పుడు వస్తుందేమోనని, ఆ కేక వస్తుందేమోనని విన్నది. డయల్ టోను తప్ప ఏమీ లేదు. అప్పుడు మళ్లీ దేవరాపల్లికి చేసింది.

ఈసారి చిన్నారే వచ్చింది. రూపాదేవి చిలక సంగతి చెప్పింది, మీటల సంగతి చెప్పింది, ఇక ఎవరికీ వినబడదని, ఆదివారం దాకా ఓపిక పట్టమని చెప్పింది.

"ఇంటన్నావే?"

"ఇంటన్నానక్కా," అంది చిన్నారి. "ఆ చిలక్కి 'అమ్మా' అనడం నేర్పుదామని ఎంతో సూసేను, రాలేదు. ఆయన అరుపొక్కటే పట్టింది. సాయంత్రం ఆయన నర్సీపట్నం నుంచి ఉత్త సేతుల్తో వస్తాడు కదా, ఆ కోపమంతా దాని మీదే... వచ్చేటప్పుడు పంజరం తలుపు తీసి రావాల్సిందక్కా. మర్సిపోయేను."

రూపాదేవి ఫోను చెవిన పెట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్లింది. నాలుగిళ్ల అవతల, తాళం వేసిన ఇంట్లో, ఆ చిలక ఇంకా చెల్లెలి పేరు పెట్టి అరుస్తూనే ఉంటుంది.