రేసుకారులో పంపు సీటు

వెంకటరాయప్ప తన పాత రేసుకారును రోజూ తుడుస్తాడంట గానీ, పెండ్లాన్ని ఒక్కసారైనా ఎక్కించలేదంట అని పక్కింటి పిల్లమ్మ నగర్తపేటంతా చెప్పింది. ఆ మాట అతని పెండ్లాం మునివెంకటమ్మకు గుచ్చుకుంది.

యుద్ధమయ్యాక ఊరు విడిచిపోయిన దొర దగ్గర కొన్న కారు అది. పక్క సీట్లో ఒకరు చేత్తో పంపు కొడుతుంటేనే ఇంజనుకు పెట్రోలు అందుతుంది. ఆ సీటు మునివెంకటమ్మ మరిది అంజినప్పది.

పాత కార్ల పందెం నాడు అతని చెయ్యి బెణికింది. రోజూ కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొట్టే మునివెంకటమ్మ కొంగు బిగించి ఎక్కేసింది. దారి పొడవునా పంపు కొడుతూ నవ్వుతూనే ఉంది. కారు రెండోదిగా వచ్చింది.

"వచ్చే పందేనికి నా చెయ్యి బాగయ్యుంటాది వదినా," అన్నాడు అంజినప్ప.

ఆమె ఇంకా దిగలేదు. "బాగైతే ఇంట్లో స్టవ్వుకు పంపు కొట్టప్పా. ఈ సీటు నాది."