ఐదున్నర మూరల బల్ల

డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే సువార్త కొంగు బొడ్లో దోపుకుని భోజనాల బల్ల కొలిచింది. టేపుతో కాదు, తన మూరతోనే. ఎదురెదురుగా కూర్చునే ఇద్దరికి ఒక మూర. మామూలు రోజుల్లో రెండు మూరలుండే ఆ బల్ల, డిసెంబరు వచ్చేసరికి పండగ భోజనానికి ఎందరు కూర్చుంటారో అందరికీ సరిపడా పెరుగుతుంది. కీర్తినగర్‌లో పాత సామాన్ల దుకాణంలో కొన్న ఏడాది నుంచీ అదే వరస. జనక్‌పురిలో వాళ్లుండే మెట్ల చుట్టూ ఉన్న ఎనిమిదిళ్ల వాళ్లకీ ఈ సంగతి తెలుసు. కింది ఇంటి చోప్రా ఆంటీ అయితే నమస్తే కంటే ముందు "టేబుల్ కిత్నా హువా?" అని బల్ల ఎంతయిందో అడుగుతుంది.

"ఛె," అని హిందీలోనే చెప్పింది సువార్త ఆ ఏడాది.

ఆరు మూరలంటే పన్నెండు మంది. తనూ, భర్త దశరథ్, గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు అక్షర, చోప్రా దంపతులు, చర్చిలో పాటలు నడిపించే నాగేంద్రమ్మ గారు, ఆవిడ కోడలు, బేర్ సరాయ్‌లో గదులు తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న ఐదుగురు పిల్లలు. సువార్త ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించి వంటలు రాసింది. మటన్ పలావు, కోడి వేపుడు, చోప్రా వాళ్లకి పనీర్ కూర, పెరుగు పచ్చడి, సేమ్యా పాయసం. వారం ముందే గులాబీ పువ్వులు, కజ్జికాయలు అయిపోవాలి. మాంసం మనిషికి పావుకిలో. తెనాలిలో వాళ్లమ్మ ఏనాడూ అంతకి తగ్గించలేదు.

"కజ్జికాయలు బయట తెప్పిద్దాంలే. ఆఫీసు నుంచొచ్చి ఎన్నని చేస్తావ్?" అన్నాడు దశరథ్.

"ఇంట్లో పొయ్యి పెట్టుకుని పండగనాడు డబ్బాల్లోది తింటామా?"

 సువార్త రోజూ మెట్రో దిగి ఇంటికి రావడం, స్వెటర్ చేతులు పైకి మడుచుకోవడం, రోజుకో పని. ఒకరోజు కొబ్బరి తురిమింది. ఒకరోజు పిండి కలిపింది. గులాబీ పువ్వుల అచ్చు మొదట్లో మొరాయించినా, నూనె బాగా కాగాక ఒక్కో పువ్వూ విడిపోయి తేలింది.

ఇరవై ఒకటో తారీఖు, ఆదివారం. బల్ల మీద కొత్త గుడ్డ పరుస్తుంటే ఒక పక్క ఎక్కువగా వేలాడింది. సువార్త గుడ్డ తీసేసి మూర వేసింది. ఐదున్నర. మళ్లీ వేసింది. ఐదున్నరే.

"చలికి చెయ్యి ముడుచుకుందేమో," అన్నాడు దశరథ్. బాల్కనీలో నక్షత్రం కడుతున్నాడాయన.

"చెయ్యి ముడుచుకుంటే బల్ల పెరగాలి గానీ తగ్గదు."

ఎవరో ఒకరు రావట్లేదన్నమాట. పొగమంచుకి రైళ్లు ఆగుతున్న రోజులు, ఎవరి ప్రయాణమో మారి ఉంటుందనుకుని వరసగా ఫోన్లు చేసింది. చోప్రా ఆంటీ చీర కూడా ఇస్త్రీ చేయించిందట. నాగేంద్రమ్మ గారు కోడలితో కలిసి తప్పక వస్తానన్నారు. బేర్ సరాయ్ నుంచి అర్జున్, "ఐదుగురం వస్తాం ఆంటీ. ముందు రోజు మెస్సుకి కూడా వెళ్లం," అన్నాడు. అక్షర, "మమ్మీ, లీవ్ అప్రూవ్ హో గయీ. నేను పక్కా," అంది.

సువార్త ఫోను బల్ల మీద పెట్టింది. ఇక మిగిలింది ఇద్దరు.

బాల్కనీ కేసి చూసింది. దశరథ్ ఎడమ చేతిని కిందికి దించి, కుడి చేత్తో భుజం నొక్కుకుంటున్నాడు. వారం నుంచీ చలి నొప్పి అంటూనే ఉన్నాడు.

"ఏవండీ, మఫ్లర్ చుట్టుకోండి. ఆసుపత్రికి వెళ్దాం."

"ఎవరికి?"

"ఇద్దరికీ. మనిద్దర్లో ఎవరమో తెలీదుగా."

"పండగయ్యాక చూద్దాం సువార్తా."

"పండగలోపే చూపించుకోవాలి. పదండి."

ఆయన బల్ల వైపు చూశాడు. ఆ బల్ల ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదని ఆయనకీ తెలుసు. చెప్పులు విప్పి బూట్లు వేసుకున్నాడు.

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు ఎందుకొచ్చారని అడిగితే సువార్త బల్ల సంగతి చెప్పింది. "కిత్నా ఘటా?" అని ఎంత తగ్గిందో అడిగాడతను.

"అర మూర."

అతను తలూపి కాగితం మీద రాసుకున్నాడు. ఇద్దరికీ ఈసీజీ తీశారు. సువార్తది బాగుంది. దశరథ్‌ని ఇక మంచం మీంచి లేవనివ్వలేదు. గుండె రక్తనాళాలు మూడు మూసుకుపోతున్నాయని మర్నాడు తేలింది. మంగళవారం ఆపరేషన్ చేశారు. ఇంకో వారం ఆగి ఉంటే తమ దగ్గరికి తెచ్చే వ్యవధి కూడా ఉండేది కాదేమో అన్నాడు పెద్ద డాక్టరు. ముప్పయ్యో తారీఖు దాకా ఆసుపత్రిలోనే ఉంచాలన్నాడు.

ఆ సాయంత్రం సువార్త ఇంటికొచ్చి ముందు బల్ల దగ్గరికే వెళ్లింది. ఐదున్నర మూరలే ఉంది.

"అంటే నాన్న పండగకి హాస్పిటల్లో ఉంటారనే కదా మమ్మీ, ఈ బల్ల చెప్పింది," అంది కబురు విని వచ్చిన అక్షర నెమ్మదిగా. "ఇట్ వాజ్ జస్ట్ దట్. పదకొండు మందికే వండుదాం."

సువార్త ఫ్రిజ్ మీది కాగితం కేసి చూసింది. ఈ బల్లే ఆయన్ని ఆసుపత్రికి పంపింది, ఈ బల్లే ఆయనకి చోటు లేదంటోంది. ఇన్నేళ్లూ అదెంత చెబితే అంతకి బియ్యం కడిగింది తను.

"ఎందరొస్తారో అది చెప్పనీ. ఎప్పుడు వండాలో నేను చెప్తాను," అంది. కాగితం పైన ఉన్న ఇరవై ఐదు కొట్టేసి జనవరి ఒకటి అని రాసింది. అప్పటికప్పుడు అందరికీ ఫోన్లు చేసింది. అర్జున్ ఒక్కడు, "అయితే ఇరవై ఐదున మెస్సు తెరిచుంటుందో లేదో ఆంటీ," అన్నాడు. కజ్జికాయలు పంపిస్తానంది సువార్త.

క్రిస్మస్ రోజు తల్లీకూతుళ్లు పొద్దున్నే చర్చికి వెళ్లి, అట్నుంచటే ఆసుపత్రికి వెళ్లారు. దశరథ్ ఉప్పు లేని గోధుమరవ్వ దలియా తింటూ, "పలావు ఎలా కుదిరింది?" అని అడిగాడు.

"ఇంకా వండలేదు. మీరొచ్చాక."

ఆయన చెంచా గిన్నెలో పెట్టి కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

ఒకటో తారీఖు పొద్దున సువార్త బల్ల కొలవలేదు. పన్నెండు పళ్లేలకీ సరిపడా సరుకులు తెచ్చింది, ఆయనకి వేరే గిన్నెలో కారం, ఉప్పు తగ్గించి కోడి పులుసు పెట్టింది. మధ్యాహ్నం గుడ్డ పరిచేసరికి రెండు వైపులా సమానంగా దిగింది. దశరథ్ అక్షర భుజం పట్టుకుని మెల్లగా వచ్చి చివర కూర్చున్నాడు. నాగేంద్రమ్మ గారు ప్రార్థన చేశారు. ఐదుగురు పిల్లలూ తలెత్తకుండా తిన్నారు.

అందరూ లేచి వెళ్లాక సువార్త గుడ్డ తీసింది. బల్లంతా ఏళ్ల నాటి పసుపు మరకలు, గిన్నెల వలయాలు. దశరథ్ కూర్చున్న చోట అర మూర చెక్క మాత్రం అప్పుడే చిత్రిక పట్టినట్టు తెల్లగా ఉంది. గుడ్డలోంచి దిగిన పులుసు చుక్క దాని మీద పడి మెరుస్తోంది. అలవాటుగా తుడవబోయి చెయ్యి ఆపింది. ఆ చోటూ మిగతా బల్లలాగే మరక పట్టనీ అని వదిలేసి, ఆయనకి మందులివ్వడానికి లోపలికెళ్లింది.