డ్రైవరుకెంతివ్వాలి?

టాక్సీ పూర్తిగా ఆగకముందే దర్వాను ఎడమచేత్తో తలుపు పట్టుకుని, దిగేవాళ్ల తలకు తగలకుండా కుడిచెయ్యి పైన అడ్డం పెట్టాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ హోటలు వాకిట్లో ఇదే పని. కుడిభుజం కాస్త పైకి లేచి అలాగే ఉండిపోయింది. నిద్రలో కూడా దాన్ని దింపడని భార్య నవ్వుతుంది. తెల్ల చేతితొడుగులు మాత్రం రోజూ తనే ఉతుక్కుంటాడు. ఆ విషయంలో ఆవిడను కూడా నమ్మడు.

దిగినవాళ్లు పై దేశం నుంచి వచ్చిన దంపతులు. పెట్టెలు దింపాక అందరిలాగే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు, డ్రైవరుకెంతివ్వాలని. ఎక్కువిస్తే వెర్రివాళ్లమనుకుంటారేమో, తక్కువిస్తే అవతలి మనిషి చిన్నబుచ్చుకుంటాడేమో అని వాళ్ల బాధ. హోటలువాళ్లు జీతమిచ్చేది తలుపు తీయడానికే గాని, అతని అసలు ఉద్యోగం ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే. టాక్సీవాళ్లందరిలాగే అతనికీ వాళ్ల భాష నాలుగు ముక్కలు వచ్చు. "ఇక్కడ ఇచ్చి తీరాలని లేదండీ. బిల్లు మీద చిల్లర వదిలేస్తే చాలు" అంటాడు. పెట్టెలు మోసిన డ్రైవరైతే ఇంకాస్త. చుట్టుదారిన తెచ్చినవాడైతే ఏమీ అక్కర్లేదు, మీటరు చూడగానే ఆ సంగతి తెలిసిపోతుంది. దర్వానుకు కూడా ఏదైనా ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచదు. సందేహం తీరిన సంతోషంలో మరిచిపోతారు. దానికతను నొచ్చుకోడు.

ఒక్క కారు దగ్గరే లెక్క మారుతుంది. ఆ నీలం కారు అక్క మొగుడిది. దాంట్లో వచ్చినవాళ్లకు, "పదో వంతు ఇవ్వండి. చాలా జాగ్రత్తగా నడిపే మనిషి" అని చెబుతాడు.

తొమ్మిదేళ్ల కిందట, ఇంటినిండా చుట్టాలుండగా, "తలుపులు తీయడం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్నాడు బావ. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. నీలం కారు రోజుకు రెండుసార్లైనా వస్తుంది. బావ తిన్నగా ముందుకు చూస్తూ కూర్చుంటాడు, బావమరిది వెనక తలుపు తీస్తాడు. పరాయి దేశాలవాళ్లు తన డ్రైవింగుకు ముచ్చటపడి అంతంత ఇస్తారని బావ స్టాండులో గొప్పలు చెప్పుకుంటాడు. అవి చెవిన పడ్డప్పుడల్లా దర్వానుకు లోలోపల భలే సరదాగా ఉంటుంది.

ఇవాళ పొద్దున అక్క ఫోన్ చేసింది.

"కారు అమ్మేశాంరా. సాయంత్రం కొన్నవాళ్లకి అప్పజెప్పేసి, ఆరింటి రైలుకి అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాం. ఇక అక్కడే. ఆయన నీకు చెప్పరు, తెలుసుగా."

"చెప్పకపోతే ఏమైందిలే అక్కా" అన్నాడు గాని, ఏదో అయింది. పొద్దుట్నుంచీ వాకిట్లోకి వచ్చే ప్రతి కారు రంగూ చూస్తున్నాడు. బావ ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోతే ఎలా? తనే ముందు పలకరించొచ్చు. నోరు పెగలాలి గదా.

మూడున్నరకు నీలం కారు వచ్చింది. వెనక సీట్లోంచి ఒక ముసలావిడ మెల్లగా దిగి, అందరూ అడిగేదే అడిగింది. దర్వాను ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మళ్లీ చెప్పాడు. ఊహూఁ. మూడోసారి చచ్చినట్టు వాకిలంతా వినబడేలా అరవాల్సి వచ్చింది.

"పదో వంతండీ! ఈ కారెక్కిన అందరికీ అదే చెబుతాను! ఊళ్లో ఇంత మంచి డ్రైవరు లేడు!"

ఆవిడ తలూపి, సంచీ అంతా వెతికి, ముందు కిటికీలోంచి బావ చేతిలో ఏదో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. బావ ఇంజను ఆపేశాడు.

"అందరికీనా?" అన్నాడు, ఎదుటి అద్దం కేసి చూస్తూ.

"ఆఁ."

"మాటల్లేనప్పుడు కూడానా?"

"మాటల్లేనిది మనకి బావా. వాళ్లతో నాకేం గొడవ?"

బావ మెడ ఎర్రబడింది. "నా డ్రైవింగు చూసిస్తున్నారనుకున్నాన్రా. ఊరంతా చెప్పుకున్నాను కూడా."

"నడపడం రాకపోతే చెప్పేవాణ్ణా?"

బావకు నవ్వాగలేదు. దిగబోయాడు. దర్వాను గబగబా అటు తిరిగి వెళ్లి డ్రైవరు తలుపు తీశాడు, తలకు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ తలుపు ఇన్నేళ్లలో బావకు ఎవరూ తీయలేదు. బావ దిగాడు.

"తలుపు తీసినవాడికెంతివ్వాలో నేనెవర్నడగాలిరా?" అని, పిడికిట్లో ఉన్నది అతని చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూశాడు. "సెలవు దొరికితే రా. అక్క బెంగపెట్టుకుంటుంది. నేనూ అంతే."

"వస్తాను బావా."

నీలం కారు మలుపు తిరిగిపోయింది. వెనక మరో టాక్సీ హారను కొడుతున్నా దర్వాను కదల్లేదు. అరచేతిలో ముసలావిడ దేశపు నాణెం ఉంది, అంచులు అరిగి, ఈ ఊళ్లో ఏ కొట్టులోనూ చెల్లనిది.