పుత్తూరు మూల

"నీళ్లియ్యే," అన్నాడు ఆదిమూలం. పెళ్లాం గంగులమ్మ సీసా మూత తీసింది.

"తాగించొద్దమ్మా. ఆపరేషన్ అంటారేమో," అని నర్సు కృపామణి దూరం నుంచే వారించింది. దగ్గరికి రాలేదు.

చిత్తూరులోని ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో, మందుల బీరువా వెనక, ఫ్యాను గాలి తగలని చోటొకటి ఉంది. పుత్తూరు మూల అంటారు. విరిగిన ఎముకకు పుత్తూరులో నాటు కట్టు కట్టించుకొని వచ్చినవాళ్లను అక్కడ పడుకోబెడతారు. అందరినీ చూశాకే వాళ్లను చూస్తారు. ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. పాతవాళ్లను చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటారు. కృపామణీ నేర్చుకుంది. ఆమెది పుత్తూరే. ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆదిమూలం మామిడి మండీలో హమాలీ. నిన్న లారీ మీదినుంచి పడి కాలు విరిగింది. పుత్తూరులో కట్టు సరిగ్గానే కట్టారు. తిరుగు బస్సు కుదుపులకు వెదురు బద్దలు జారుతుంటే గంగులమ్మే చీర అంచు చించి పైన బిగించింది. తెల్లారేసరికి కాలివేళ్లు నల్లబడ్డాయి. అందుకే తప్పు తనదే అనుకుంటోంది.

"సిస్టరమ్మా, కాలు సల్లగా ఉండాది. ఒక్కసారి సూడమ్మా."

స్ట్రెచరు తోసే గిరి నవ్వాడు. "ఏమ్మే, పుత్తూరులో కట్టుకు గుడ్డుసొన పూయించుకునేటప్పుడు మేం గుర్తు రాలేదా? ఆ వైద్యుడినే పిలుసుకో."

పక్క మంచాలవాళ్లూ నవ్వారు.

"తెలీక పోయినామప్పా. పోనీ, ఈ గుడ్డన్నా విప్పేదా?"

"తాకొద్దు! డాక్టరు సూసేదాకా ఎవురూ తాకగూడదు," అన్నాడు గిరి.

డాక్టరు అటుగానే పోయాడు. "పుత్తూరా?" అన్నాడు. "అవు సార్," అన్నాడు గిరి. ఆయన ఆగలేదు.

మధ్యాహ్నానికి ఆదిమూలం మూలగడం మానేశాడు. "ఇప్పుడు నొప్పి లేదే," అన్నాడు. గంగులమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆ మాట విన్న కృపామణి చేతిలో ట్రే వదిలేసి వచ్చింది. కాలివేలు గట్టిగా గిల్లింది. "తెలుస్తా ఉండాదా అన్నా?"

"ఏంది?" అన్నాడతను.

ఆమె ఎవరినీ అడక్కుండా కత్తెర తెచ్చి కట్టు కోసేసింది. వేళ్లకు రంగు రాలేదు. అప్పుడు డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "తిరుపతికి తీసుకుపోండి. కాలు దక్కేది కష్టం."

అంబులెన్సు వచ్చేలోపు కౌంటరు పిల్ల హేమశ్రీ ట్యాబ్ పట్టుకొచ్చింది. తెరమీద మూడు ముఖాలు. వార్డులో ఎట్లా చూసుకున్నారో చెప్పడానికి, వార్డు వదిలి పోయేవాళ్లంతా ఒకటి నొక్కాలి. పోయిన నెల ఈ వార్డుకు అన్నీ నవ్వులే వచ్చాయని కేకు కోశారు.

"నవ్వే బొమ్మ నొక్కమ్మా. అందురూ నొక్కేదే."

గంగులమ్మ చూసింది. "బిగించింది నేనే పాపా. అది నా తప్పే. పొద్దుట్నించి విప్పకుండా సూస్తా ఉండింది ఎవురు?"

హేమశ్రీ గిరి వైపు చూసింది.

"ఇట్లియ్, నేన్నొక్కేస్తా. ఎప్పుడూ సేసేదే గదా," అని గిరి వేలు చాచాడు.

కృపామణి తెరమీద అరచెయ్యి పరిచింది.

"తియ్ సిస్టర్. నీకేం పట్టింది?"

"నాదీ పుత్తూరే, గిరన్నా."

చెయ్యి తియ్యలేదు. బయట అంబులెన్సు హారను మోగుతోంది. గంగులమ్మ ఆ నల్లటి వేళ్లను తన అరచేతుల మధ్య పెట్టుకొని, వేడి పుట్టించాలని రుద్దుతూనే ఉంది.